మోగి ఆగితే చాలు

ఒక తరం పైసా ఖర్చు లేకుండా కబుర్లు పంపుకున్న సాధనం మిస్డ్ కాల్. కాల్స్ దాదాపు ఉచితమయ్యాక దాని అర్థమే తిరగబడింది

ఒకసారి మోగి ఆగిపోతే బస్సెక్కినట్టు. రెండోసారి మోగి ఆగితే హాస్టల్ చేరినట్టు. మూడోసారి కూడా మోగిందంటే ఏదో అవసరం పడినట్టు, అప్పుడు మాత్రమే ఫోన్ ఎత్తాలి. 2000ల మధ్యలో ఊరు వదిలి హైదరాబాద్‌కో విశాఖపట్నానికో చదువుకు వెళ్లిన పిల్లలకూ ఇంటికీ మధ్య ఇలాంటి ఒప్పందాలు ఉండేవి. ఏదీ కాగితం మీద పెట్టింది కాదు. అయినా ఎవరూ తప్పేవారు కాదు. ఎవరైనా గబుక్కున ఫోన్ ఎత్తేస్తే మాత్రం అవతలివాళ్ల ప్రాణం ఉసూరుమనేది. ''ఎందుకెత్తావ్? రూపాయి పోయింది!''

మా హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురి ఫోన్లలోనూ బాలెన్స్ రెండంకెలు దాటిన రోజు పండగే. అయినా ఆ ఫోన్లు రోజంతా మోగుతూనే ఉండేవి. గేటు దగ్గర స్నేహితుడు వచ్చాడని ఒకటి, మెస్‌లో చికెన్ అయిపోవస్తోందని ఒకటి, లెక్చరర్ రాలేదు గనక పడుకోవచ్చని మరొకటి. ఏ మోతకు ఏ అర్థమో వేళను బట్టి తెలిసిపోయేది. రాత్రి పదకొండుకు వచ్చే ఆ ఒక్క రింగుకు మాత్రం గుడ్‌నైట్ అని తప్ప మరో అర్థం లేదు. అది ఎవరిదని అడగకపోవడం గది మర్యాద.

దీని వెనక ఉన్నది పచ్చి లెక్క. 1995 జూలై 31న కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్‌తో దేశంలో మొబైల్ శకం మొదలైంది. అప్పట్లో చేసినవారికే కాదు, ఎత్తినవారికీ చార్జీ పడేది. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అవుట్‌గోయింగ్ మాత్రం నిమిషం లెక్కన కొనసాగింది. రెండు ముక్కలు మాట్లాడినా నిమిషం డబ్బులూ పోయేవి. 2005 చివర్లో వచ్చిన లైఫ్‌టైమ్ ప్లాన్లతో జేబు ఖాళీగా ఉన్నా ఫోన్ బతికే వీలు కలిగింది. వినడం ఉచితం, మాట్లాడితే డబ్బు, మోగిస్తే ఖర్చు లేదు. ఈ మూడింటి మధ్య సందులో పుట్టినదే మిస్డ్ కాల్. 2009లో టాటా డొకోమో సెకను లెక్కను ప్రచారంలోకి తెచ్చేనాటికే అది దేశమంతటా అలవాటైపోయింది.

ఎవరు తిరిగి చేయాలి?

ఇలాంటి అలవాటు మన ఒక్కరిదే కాదు. ఆఫ్రికా దేశాల్లో దీన్ని బీపింగ్ అనీ ఫ్లాషింగ్ అనీ పిలిచేవారు. అక్కడి వాడకాన్ని పరిశీలించిన పరిశోధకుడు జొనాథన్ డోనర్ 2007లో ప్రచురించిన వ్యాసంలో దానికి నియమాలున్నాయని తేల్చారు. వాటిలో మొదటిది, ఇద్దరిలో డబ్బున్నవాడే తిరిగి ఫోన్ చేయాలి. సాయం అడగాలనుకున్నవాడు మిస్డ్ కాల్ ఇవ్వకూడదు. అమ్మాయి మనసు గెలవాలనుకునే అబ్బాయి అసలే ఇవ్వకూడదు.

మన దగ్గర ఈ నియమాలు ఎవరూ చదవలేదు కానీ అందరికీ తెలుసు. మిస్డ్ కాల్ ఇచ్చేది తమ్ముడు, తిరిగి చేసేది ఉద్యోగమున్న అన్నయ్య. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి రింగు వెళితే గల్ఫ్‌లో ఉన్న మనిషి కార్డు కొని ఫోన్ చేయాలి. మొదటి జీతం అందుకున్న కుర్రాడు కొత్త చొక్కా కంటే ముందు ఒక మాట కొనుక్కునేవాడు. ''నువ్వు మిస్డ్ కాల్ ఇవ్వమ్మా, నేను చేస్తా.'' ఇంట్లో అతను పెద్దవాడయ్యాడని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

అన్నం తింటుంటే పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. మిస్డ్ కాల్ కూడా అలాంటిదే. కాకపోతే తలుచుకున్నదెవరో పేరుతో సహా తెర మీద కనిపించేది.

అందరికీ అది తీపి గుర్తు కాదు. తెలియని నంబర్ల నుంచి అర్ధరాత్రి దాకా వచ్చే రింగులు భరించలేక సిమ్ మార్చిన అమ్మాయిలు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. విషయం ఇంట్లో చెబితే ఫోనే లాగేసుకుంటారని చెప్పనివారు అంతకంటే ఎక్కువ. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని రీచార్జ్ దుకాణాలు అమ్మాయిల నంబర్లను అమ్ముకుంటున్నాయని 2017లో పత్రికల్లో కథనాలు వచ్చాయి. అన్నదమ్ములతో రీచార్జ్ చేయించుకునే అమ్మాయిల జాగ్రత్తకు కారణం వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగణాల నుంచి ఒక్క రింగుకు

ఇంత చవకైన సాధనం వ్యాపారుల కంట, పార్టీల కంట పడకుండా ఎలా ఉంటుంది? హిందుస్థాన్ యూనిలీవర్ కరెంటు సరిగా లేని బీహార్ పల్లెల కోసం 'కాన్ ఖజూరా టేశన్' పేరుతో మిస్డ్ కాల్ రేడియో నడిపింది. రింగిస్తే చాలు, కంపెనీయే తిరిగి ఫోన్ చేసి పాటల మధ్య సబ్బుల ప్రకటనలు వినిపించేది. మిస్డ్ కాల్స్‌నే వ్యాపారంగా మలిచిన బెంగళూరు సంస్థ జిప్‌డయల్‌ను 2015 జనవరిలో ట్విటర్ కొనేసింది.

రాజకీయాల్లో మార్పు ఇంకా పెద్దది. స్వాతంత్య్రోద్యమ కాలంలో కాంగ్రెస్ సభ్యత్వానికి ఏడాదికి నాలుగణాలు చెల్లించాలి. రుసుము చిన్నదే, కానీ దాన్ని వసూలు చేయడానికి ఒక కార్యకర్త గడప తొక్కాల్సిందే. 2014 నవంబర్‌లో బీజేపీ మొదలుపెట్టిన సభ్యత్వ కార్యక్రమంలో మిస్డ్ కాల్ ఇస్తే చాలు. మరుసటి ఏడాదికల్లా చైనా కమ్యూనిస్టు పార్టీని దాటి ప్రపంచంలోనే అతి పెద్ద పార్టీ అయ్యామని అది ప్రకటించుకుంది. 2022 జనవరిలో పంజాబ్‌లో ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరో చెప్పమని ఆమ్ ఆద్మీ పార్టీ ఒక నంబర్ ఇచ్చింది. 21 లక్షలకు పైగా స్పందనలొచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌నే కోరుకున్నారని చెప్పింది.

మోగించిన వేలి వెనక మనసేమిటో తెలుసుకోవడం మాత్రం తేలిక కాదు. 2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టానికి మద్దతుగా బీజేపీ మిస్డ్ కాల్ నంబర్ ప్రకటించగానే సోషల్ మీడియాలో కొందరు ఒంటరిగా ఉన్న అమ్మాయి నంబర్ అనీ, నెట్‌ఫ్లిక్స్ ఉచితమనీ దాన్నే ప్రచారం చేశారు. అదంతా అబద్ధమని నెట్‌ఫ్లిక్స్ చెప్పుకోవాల్సి వచ్చింది. అమ్మకు ఇచ్చే రింగులో అవతల ఎవరున్నారో తెలుసు. పార్టీకి ఇచ్చే రింగులో మిగిలేది అంకె మాత్రమే.

ముప్పై సెకన్ల పోరు

2016 సెప్టెంబర్‌లో జియో రాకతో కాల్స్ చార్జీల కథ దాదాపు ముగిసింది. మిస్డ్ కాల్ మాత్రం పోతూపోతూ కంపెనీల మధ్య చిచ్చు పెట్టింది. కాల్ ఏ నెట్‌వర్క్ నుంచి వెళుతుందో అది అవతలి నెట్‌వర్క్‌కు నిమిషానికి ఆరు పైసలు చెల్లించాల్సిన రోజులవి. ఇతర నెట్‌వర్క్‌ల నుంచి తమకు రోజూ 25 నుంచి 30 కోట్ల మిస్డ్ కాల్స్ వస్తున్నాయని, తమ కస్టమర్లు తిరిగి చేయడంతో భారం తమ మీద పడుతోందని 2019 అక్టోబర్‌లో జియో చెప్పింది. రింగు మోగే సమయాన్ని కావాలనే తగ్గించి జియోనే మిస్డ్ కాల్స్ పుట్టిస్తోందని ఎయిర్‌టెల్ ఎదురు ఆరోపణ చేసింది. చివరికి ట్రాయ్ కల్పించుకుని మొబైల్ ఫోన్ 30 సెకన్లు మోగాలని 2019 నవంబర్‌లో ఆదేశించింది. హాస్టల్ పిల్లల కిటుకు నియంత్రణ సంస్థ ఉత్తర్వు దాకా ఎదిగింది.

ఇన్‌కమింగ్ ఉచితమన్న మాటా మారింది. 2018 చివర్లో కంపెనీలు కనీస రీచార్జ్ పెట్టాక, గడువు దాటి కొన్ని రోజులైతే ఫోన్ మోగదు. డబ్బు లేనివాడు మిస్డ్ కాల్ అందుకోవడానికి కూడా డబ్బు కట్టాలి.

రీచార్జ్ ఉన్న ఇళ్లలో గంటసేపు మాట్లాడినా పైసా అదనంగా పడదు. అయినా ఇరవై ఏళ్ల వాళ్ల ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. తెలియని నంబరైతే లోన్ కావాలా అనో, పోలీసులమనో ఉంటుందన్న అనుమానం. తెలిసిన నంబరైతే ముందు మెసేజ్ పెట్టకుండా చేశారేమిటన్న విసుగు. స్నేహితులు కూడా ''కాల్ చేయొచ్చా?'' అని అడిగి చేసుకుంటున్నారు. ఒకప్పుడు మిస్డ్ కాల్ అంటే కబురు చేరిందని అర్థం. ఇప్పుడు చేరలేదని అర్థం. తెర మీద ఎర్రగా 'అమ్మ (3)' అని కనిపిస్తే ఆ రోజు ఎవరో మూడుసార్లు ఎదురుచూశారన్నమాట.

అందుకే ఇళ్లలో పెద్దవాళ్లు కొత్త సంకేతాలు వెతుక్కున్నారు. కొడుకు వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించాడో చూసుకుంటారు. రాత్రి ఒకటిన్నర అని ఉంటే నిద్రపోలేదని బెంగ, కానీ క్షేమంగానే ఉన్నాడని ధైర్యం. ఇక పొద్దున్నే గులాబీలతో, వెంకటేశ్వరస్వామితో వచ్చే శుభోదయం బొమ్మలున్నాయి. భారతీయుల ఫోన్లు ఇలాంటి బొమ్మలతో నిండిపోతున్నాయని గూగుల్ గుర్తించి, వాటిని వెతికి చెరిపేసే సదుపాయమే తెచ్చిందని 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. పిల్లలు నవ్వుకుంటారు, ఫ్యామిలీ గ్రూపును మ్యూట్‌లో పెడతారు.

తెరిచి చూస్తే ఆ గులాబీలో ఉన్నది పాత కబురే. నేను లేచాను, బాగున్నాను, నువ్వు? దానికి జవాబు రాయాల్సిన పని లేదు, చూసినట్టు రెండు నీలం గీతలు పడితే చాలు. కలిగినవాళ్లే తిరిగి ఫోన్ చేయాలన్న పాత నియమం మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. అప్పట్లో కలిమి అంటే ఫోన్లో బాలెన్స్. ఇప్పుడు పది నిమిషాల తీరిక.