సంఘం సెల్‌ఫోనుకు తగిన కవరు – ఎంపికలో గమనించవలసిన విషయాలు

పాత సామాగ్రి ఇంకా భద్రంగా ఉన్న పాల సంఘాలలో లాక్టోమీటరు పెట్టెను ఒకసారి చూడండి. పొడవాటి చిన్న పెట్టె, లోపల మెత్తని గుడ్డ. గాజు వస్తువు చేయి జారితే పగులుతుందనీ, పగిలితే ఆ పూట పాలు పరీక్షించే వీలుండదనీ నాటి టెస్టర్లకు బాగా తెలుసు. బ్యూటిరోమీటర్లకు స్టాండు, యాసిడ్ సీసాకు విడిగా ఒక మూల, రిజిస్టర్లకు బీరువా. ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఒక తొడుగు ఉండేవి.

నేడు అదే బల్లమీదికి సెల్‌ఫోను వచ్చి చేరింది. సభ్యుల పాల లెక్క పంపడం, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ అందుకోవడం, పశువు చెవిపోగు మీది 12 అంకెల నంబరు నమోదు చేయడం, డాక్టరుగారిని పిలవడం, ఇవన్నీ చాలా సంఘాలలో ఆ ఒక్క వస్తువు మీదనే నడుస్తున్నవి. దాని ధర లాక్టోమీటరు ధరకు ఎన్నో రెట్లు. అయినా మేము తనిఖీకి వెళ్లినచోట్ల ఆ ఫోను తరచుగా ఏ తొడుగూ లేకుండానో, మూలలు చిరిగిన పౌచితోనో కనబడుతున్నది. అందువల్ల ఈ విషయం సభ్యులకూ, కార్యదర్శులకూ వివరంగా తెలుపదలచినాము.

ఒక సంఘంలో జరిగినది

ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. సాయంత్రం పూట పాలసేకరణ జరుగుతున్నది. కార్యదర్శి క్యాను దగ్గర వంగి శాంపిలు తీస్తుండగా చొక్కా పై జేబులోని ఫోను జారి, సిమెంటు గట్టు అంచుకు తగిలి, పక్కనే క్యాన్లు కడిగే తొట్టిలో పడింది. మరునాడు పాలబిల్లు చెల్లించవలసిన రోజు. ఓటీపీ వచ్చే సిమ్ము అందులోనే ఉన్నది. ఫోను బాగుచేయించేసరికి, బ్యాంకు పని పూర్తయ్యేసరికి బిల్లు 4 రోజులు ఆలస్యమైంది.

మేము అక్కడికి వెళ్లినపుడు రెండు గేదెలున్న ఒక సభ్యురాలు మమ్మల్ని నిలదీసింది. "మేము పాలు ఆలస్యంగా తెస్తే తీసుకోరు గదా అయ్యా! డబ్బు ఆలస్యమైతే మేము ఎవరినడగాలి?" అన్నది. ఆమె పిల్లవాని ఫీజుకు ఆ డబ్బే ఆధారం. ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. ఫోనును కాపాడగల కవరు ధర నాలుగైదు లీటర్ల గేదె పాల ధరకు మించదు.

ఇందులో మా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. ఆ సంఘటన తరువాత, మందంగా ఉన్నది మంచిదే అనుకొని, తోలు ఫ్లిప్ కవర్లు కొనమని కొందరు కార్యదర్శులకు మేమే సలహా ఇచ్చినాము. వేసవి వచ్చేసరికి ఫోన్లు వేడెక్కి ఛార్జింగు ఎక్కక మొరాయించినవి. తోలు పాల తడిని పీల్చుకొని పులిసిన వాసన పట్టింది. కాబట్టి కింద రాసినదంతా కొంత చదివి, కొంత అనుభవించి తెలుసుకున్నదని మనవి.

ముందుగా తెలుసుకోవలసినది: ఫోనుకు ముప్పు ఎక్కడినుంచి?

పట్నంలో ఆఫీసు బల్లమీద ఉండే ఫోనుకూ, పాల కేంద్రంలో ఉండే ఫోనుకూ ముప్పు ఒకటి కాదు. మన దగ్గర ప్రధానమైనవి ఐదు.

మొదటిది, సిమెంటు నేలపై పడడం. రెండవది తడి. పాలు నీటికంటె చెడ్డవి. నీరు ఆరిపోతుంది. పాలు ఆరినా అందులోని చక్కెర, వెన్న, లవణాలు మిగిలిపోయి ఛార్జింగు రంధ్రంలోనూ, స్పీకరు జల్లెడలోనూ జిగురుగా గట్టిపడతాయి. మూడవది వేడి. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. నాల్గవది దాణా పొడి, ఎండుగడ్డి నలుసు, దుమ్ము. ఐదవది యాసిడ్. గెర్బర్ పద్ధతిలో వెన్నశాతం చూసే చోట వాడే గాఢ గంధకామ్లం చుక్క పడితే నూలు బట్టకు చిల్లు పడుతుంది, చర్మం కాలుతుంది. దానినుంచి ఏ కవరూ కాపాడదు. యాసిడ్ ఉన్న బల్లమీద ఫోను పెట్టకపోవడమే మార్గం.

కవరు ఎట్లా కాపాడుతుంది?

లారీ మీదినుంచి నిండు క్యాను దింపేటపుడు హమాలీ కింద పాత టైరు వేస్తాడు. క్యాను బరువు మారలేదు, ఎత్తు మారలేదు. కాని టైరు నొక్కుకుపోయి, ఆ దెబ్బను ఒక్క క్షణంలో కాక కొంత నిదానంగా తీసుకుంటుంది. అందువల్ల క్యానుకు సొట్ట పడదు. ఫోను కవరు చేసే పని కూడా ఇదే. కాబట్టి కవరులో కొంత మెత్తదనం తప్పక ఉండాలి. వట్టి గట్టి డిప్పకు ఆ గుణం లేదు.

ఇక రెండు చోట్లు ముఖ్యం. ఫోను చాలాసార్లు మూలమీదనే పడుతుంది. అప్పుడు బరువంతా చిటికెన వేలి గోరంత చోట దిగుతుంది. అందుచేత నాలుగు మూలల వద్ద కవరు మిగతా భాగం కంటె మందంగా ఉండాలి. రెండవది అంచు. కవరు అంచు ఫోను అద్దంకంటె కనీసం ఒక మిల్లీమీటరు పైకి లేచి ఉండాలి. దీనిని పరీక్షించడం సులభం. కవరు తొడిగి ఫోనును అద్దం కిందికి ఉండేటట్లు బల్లమీద పెట్టండి. అద్దం బల్లకు ఎక్కడా తగలకుండా పైకి నిలిచి ఉండాలి. వెనుక కెమెరా చుట్టూ కూడా ఇదే విధంగా చూడాలి.

బజారులో దొరికే రకాలు

1. పారదర్శకమైన మెత్తని పౌచి: టి.పి.యు. అనే సాగే ప్లాస్టిక్‌తో చేస్తారు. చౌక, బిగువుగా పడుతుంది. ఎండకు, వేడికి కొన్ని నెలలలో పసుపుపచ్చగా మారుతుంది. రంగు మారినంత మాత్రాన పారవేయనక్కరలేదు. గట్టిపడినా, మూలలు వదులైనా మార్చాలి.

2. సిలికోన్ రబ్బరు పౌచి: చేతికి మంచి పట్టు ఉంటుంది. కాని దుమ్ము, దూది, గేదె వెంట్రుకలు అంటుకుంటాయి. కొన్నాళ్లకు సాగి మూలలు ఊడివస్తాయి.

3. గట్టి ప్లాస్టిక్ డిప్ప: గీతలు పడకుండా ఆపుతుంది. దెబ్బను మింగదు. తడిచేతిలో జారుతుంది. పాల కేంద్రానికి తగదు.

4. రెండు పొరల కవరు: లోపల మెత్తనిది, పైన గట్టిది. కొంచెం బరువు, కొంచెం ధర ఎక్కువ. పడిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న చోట ఇదే మేలు.

5. ఫ్లిప్ కవరు: మూసి ఉన్నంతవరకు అద్దానికి రక్షణ. కొక్కెం సరిగా లేకపోతే పడేటపుడు తెరుచుకుంటుంది. తోలు, గుడ్డ రకాలు తడి పీలుస్తాయి. అయస్కాంతపు కొక్కెం ఉన్న కవరులో బ్యాంకు కార్డు పెడితే, కార్డు వెనుకనున్న నల్లటి పట్టీ చెడవచ్చు.

6. నీరు దూరని సంచి: వానలో మోటారు సైకిలుపై ఊళ్లు తిరిగే సూదిమందు సిబ్బందికి, సూపర్వైజర్లకు ఉపయోగం. రోజంతా వాడడానికి కాదు. కొనగానే ఫోను పెట్టకండి. లోపల పొడి కాగితం పెట్టి అరగంటసేపు బకెట్ నీటిలో ముంచి తీయండి. కాగితం తడవకపోతేనే ఫోను పెట్టాలి.

సంఘం వాడకానికి రెండు పొరల కవరు గాని, మూలలు మందంగా ఉన్న టి.పి.యు. పౌచి గాని తీసుకోవచ్చునని మా అభిప్రాయం. నున్నగా మెరిసేది కాక గరుకుగా ఉన్నది ఎంచుకోవాలి. నలుపు కంటె నారింజ, ఎరుపు వంటి కొట్టవచ్చినట్లు కనబడే రంగు మంచిది. గడ్డివాములో పడినా దొరుకుతుంది.

దుకాణంలో చూడవలసినవి

ఫోను వెంట తీసుకొని వెళ్లాలి. పేరు ఒకటే అయినా చివరి అక్షరం మారితే కెమెరా చోటు మారుతుంది. ఫోను సెట్టింగులలో "ఫోను గురించి" అన్నచోట అసలు మోడలు పేరు ఉంటుంది, రాసుకొని వెళ్లండి.

కవరు తొడిగిన తరువాత పక్క మీటలు తేలికగా నొక్కుకోవాలి. ఛార్జరు పిన్ను పూర్తిగా లోపలికి పోవాలి. స్పీకరు, మైకు రంధ్రాలు మూసుకుపోకూడదు. ఒక ఫోను చేసి మాట్లాడి చూడండి. బొటనవేలితో మూలను లాగితే సులభంగా ఊడిరాకూడదు. చేయి కొంచెం తడిచేసుకొని పట్టుకొని చూడండి, మన చేతులు పని వేళల్లో పొడిగా ఉండవు గదా.

తాడు కట్టుకొనే రంధ్రం ఉంటే మణికట్టుకు తగిలించుకోవచ్చు. మెడలో మాత్రం వేసుకోవద్దు. సెంట్రిఫ్యూజి, బల్క్ కూలరులో తిరిగే కలియబెట్టు, గడ్డి కోసే యంత్రం దగ్గర మెడలోని తాడు ప్రాణానికే ముప్పు.

పెట్టెమీద రాసిన గొప్పలు

కొన్ని ఫోన్ల పెట్టెలపై "ఐపీ 67" వంటి గుర్తు ఉంటుంది. మొదటి అంకె 6 అంటే దుమ్ము దూరదు. రెండవ అంకె 7 అంటే ఒక మీటరు లోతు వరకు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుంది. ఈ పరీక్ష మంచినీటితో చేసేది, పాలతోనో సోడా నీళ్లతోనో కాదు. ఫోను పాతబడినా, ఒకసారి విప్పి బాగుచేయించినా ఆ రక్షణ తగ్గుతుంది. పైగా ఈ గుర్తు ఫోనుకు ఉన్నంత మాత్రాన కవరుకు ఉన్నట్లు కాదు.

కవర్లపై "మిలిటరీ గ్రేడు" అని రాస్తారు. అమెరికా సైన్యపు 810 నంబరు ప్రమాణంలో వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి 26 సార్లు పడవేసే పరీక్ష ఒకటి ఉన్నది. 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు కలిపి 26. అయితే సైన్యం ఏ కవరునూ పరీక్షించి ముద్ర వేయదు. తయారీదారు తానే చేయించుకొని తానే చెప్పుకుంటాడు. కాబట్టి ఆ మాటను చూసి ఎక్కువ ధర పెట్టకండి. మూలను, అంచును మీ వేలితో చూసి నమ్మండి.

వేడి, శుభ్రత

చాలా కంపెనీలు తమ ఫోన్లను 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలో వాడమని చెబుతాయి. మన వేసవి 40 దాటుతుంది. ఛార్జింగులో బ్యాటరీ తానుగా కొంత వేడెక్కుతుంది. మందపాటి కవరు ఆ వేడిని పోనివ్వదు. కాబట్టి ఎండాకాలంలో ఛార్జింగు పెట్టేటపుడు ఫోను వేడిగా తోస్తే కవరు తీసి, నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. వెనుక మడత నోట్లు దోపడం వేడిని మరింత ఆపుతుంది.

వారానికి ఒకసారి కవరు విప్పి, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తొడగాలి. లోపల చేరిన దుమ్ము ఫోను వెనుక గీతలు పెడుతుంది. ఫోనును కొద్దిగా తడిపి పిండిన మెత్తని గుడ్డతో మాత్రమే తుడవాలి.

ఫోను నీటిలో పడితే వెంటనే తీసి ఆపివేయండి. ఛార్జరు పెట్టవద్దు. రంధ్రం కిందికి ఉండేటట్లు పట్టి మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. బియ్యంలో పెట్టవద్దు, నలుసులు రంధ్రంలో చేరతాయి. ఎండలోనూ పెట్టవద్దు. పాలలో పడితే ఆరబెట్టి ఊరుకోక, తెలిసిన మెకానిక్ చేత విప్పించి శుభ్రం చేయించాలి.

కవరు చేయలేని పని

కవరు ఫోనును కాపాడుతుంది గాని అందులోని లెక్కను కాపాడదు. ప్రతి పూట పాల వివరాలు రిజిస్టరులో కూడా రాయడం మానరాదు. సభ్యుని పాస్‌పుస్తకంలోని అంకెయే వివాదం వచ్చినపుడు నిలుస్తుంది.

కొన్నిచోట్ల పారదర్శకమైన పౌచి వెనుక బ్యాంకు పిన్ను నంబరు రాసిన చీటీని చూసి మేము నిర్ఘాంతపోయినాము. ఇది బీరువా తాళంచెవిని బీరువాకే వేలాడదీయడం. అటువంటి చీటీ ఉంటే ఈరోజే తీసివేసి, ఆ నంబరు కూడా మార్చండి.

సంఘం సొమ్ముతో కొన్న ఫోనును డెడ్‌స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి. కవరు ఖర్చుకు బిల్లు తీసుకొని వోచరు రాయాలి, పాలకవర్గ సమావేశంలో తెలియజేయాలి. కార్యదర్శి సొంత ఫోనుతోనే సంఘం పని నడుస్తుంటే, దాని కవరు ఖర్చు సంఘం భరించడం న్యాయమని మా ఉద్దేశం. కార్యదర్శి అడగడానికి మొహమాటపడవచ్చు, పాలకవర్గమే ముందుకు వచ్చి తీర్మానించాలి.

సభ్యులు కూడా ఈ విషయంలో మౌనంగా ఉండనక్కరలేదు. రేపు పాలు పోసేటపుడు సంఘం ఫోను ఏ స్థితిలో ఉన్నదో ఒకసారి చూడండి. అది చొక్కా పై జేబులో వేలాడుతుంటే, "అది మా పాలబిల్లు, అయ్యా, కాస్త భద్రం" అని గుర్తుచేయండి. మేము తదుపరి తనిఖీకి వచ్చినపుడు రిజిస్టర్లతోపాటు దానినీ బల్లమీద పెట్టించి చూస్తాము.