శాలువా ఎవరికి కప్పుదాం?

మార్చి 8 వస్తోందంటే మా వీధి మహిళా మండలికి హడావుడే. ఈసారి ఆఫ్ఘనిస్తాన్ ఆడపిల్లల చదువు గురించి నన్ను మాట్లాడమన్నారు. సరేనన్నాను. 2021లో తాలిబన్లు మళ్లీ గద్దె ఎక్కడం, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి తలుపులు మూసేయడం, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూయడం... తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోయాను. అందరూ అయ్యో అయ్యో అంటున్నారు. వెనక బెంచీలో ఒక పెద్దావిడ మాత్రం అయ్యో అనలేదు. విసనకర్ర ఆపి అడిగింది.

"ఏటమ్మా, అన్నీ మూసేసినోళ్ల మాటే సెప్తన్నావు. తెరిసినోళ్లు ఒకలూ నేరా ఏటి?"

నా దగ్గర జవాబు ఉంది, కానీ నా కాగితంలో లేదు. అదీ నా సిగ్గు!

ఉన్నారు. 1996 నుంచి 2001 వరకూ తాలిబన్లు మొదటిసారి ఏలినప్పుడు హెరాత్ పట్నంలో ‘బంగారు సూది’ అని ఒక కుట్టు బడి ఉండేది. కుట్టుపని నేర్చుకోవడానికి అభ్యంతరం లేదు కదా! బుర్ఖాలు వేసుకుని, చేతిసంచీలో పైన గుడ్డముక్క, కత్తెర, దారం ఉండలు పెట్టుకుని అమ్మాయిలు వెళ్లేవారు. సంచీ అడుగున నోటుపుస్తకం, కలం. లోపల నడిచేది సాహిత్య పాఠం. చెప్పేది ఆ ఊరి విశ్వవిద్యాలయం ఆచార్యుడు మహమ్మద్ అలీ రహ్యాబ్. బయట పిల్లలు ఆడుకుంటున్నట్టే ఆడుకుంటూ కాపలా కాసేవారు. కవయిత్రి నదియా అంజుమన్ అక్కడ చదువుకున్న అమ్మాయే. అదే కాలంలో సకీనా యాకూబీ అనే ఆవిడ ఇళ్లలోనే రహస్యంగా ఆడపిల్లల బడులు నడిపించింది. దొరికితే ఏమవుతుందో ఇల్లిచ్చినవాళ్లకీ తెలుసు, పాఠం చెప్పినవాళ్లకీ తెలుసు. 2015లో ఆవిడకి ఖతార్‌లో వైజ్ విద్యా బహుమతి ఇచ్చారు. ఇల్లిచ్చినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

ఇదంతా చెప్పాక పెద్దావిడ తల ఊపింది. "మరి మనకాడ?" అంది.

మన దగ్గరంటే నాకు ముందు గుర్తొచ్చేది గురజాడ వారే. విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్లకి వేరే దారి లేదు! ‘కన్యాశుల్కం’ నాటకం అందరం చూశాం, గిరీశం మాటలకి నవ్వుకున్నాం. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి ఆయన రాసిన ముందుమాట మాత్రం చదివినవాళ్లు తక్కువ. ఆనందగజపతి మహారాజా విశాఖ తీరంలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయించారట. మూడేళ్లలో 1,034. అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది నిండిన పసిపిల్లలు ముగ్గురు. ఆ పసివాళ్ల ధర 350 నుంచి 400 రూపాయలు. ఆ లెక్క చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మన జిల్లాలూ ఒకప్పుడు అలా ఉన్నవే. అవతలివాళ్లని చూసి ముక్కు మీద వేలేసుకునే ముందు ఇదొకసారి గుర్తుచేసుకోవాలి.

గిడుగు రామమూర్తి గారి సంగతి ఇంకోలా ఉంటుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండ మీద సవరల భాష నేర్చుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాటలు కూడబెట్టి, వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం వారు మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి మంచి బడి పెట్టండి, నేనే నడుపుతాను అన్నారని చెబుతారు. బిరుదులు తర్వాత వచ్చాయి. 1913లో రావు సాహెబ్ అయ్యారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. దండలు బాగానే పడుతున్నాయి. మంచిదే.

కానీ పెద్దావిడ అడిగింది వీళ్ల గురించి కాదని ఇంటికొచ్చాక అర్థమైంది. విగ్రహాలు ఉన్నవాళ్ల సంగతి ఆవిడకి నేను చెప్పాలా?

మీలో నలభై యాభై దాటినవాళ్లకి 90ల్లో వచ్చిన అక్షరాస్యతా ఉద్యమం గుర్తుండే ఉంటుంది. 1991 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు నూటికి పాతికమంది కూడా లేరు. అప్పుడు ఊరూరా రాత్రి బడులు వెలిశాయి. పాఠం చెప్పింది జీతాల పంతుళ్లు కాదు. ఎనిమిదో తరగతి, పదో తరగతి చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు, కోడళ్లు. వాలంటీర్లు. ఒక లాంతరు, నాలుగు పలకలు, ఒక వాచకం. పైసా లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఇలా మొదలైన రాత్రి బడే సారా దుకాణం మీదికి పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా మూతపడింది. రోశమ్మ పేరు ఊరూరా తెలిసింది. ఆవిడ 2016లో పోయారు. మరి మన ఊళ్లలో లాంతరు పట్టుకున్నవాళ్లో?

రాజాం దగ్గర ఒక పల్లెలో అలాంటి వాలంటీరు ఒకావిడ ఉందని మా పనమ్మాయి చెబితే ఒక ఆదివారం వెళ్లాను. అప్పట్లో అది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి మా విజయనగరం జిల్లా. ఆవిడకి యాభై దాటాయి. జీడిపిక్కలు కొడుతోంది. వేళ్లు జీడికి నల్లబడ్డాయి. నన్ను చూసి నులకమంచం వాల్చింది.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఎనిమిదో తరగతి చదివిన కోడలు ఊరు మొత్తానికి ఆవిడ ఒక్కతేనట. "రాత్రి కూడు తిన్నాక ఎనిమిది గంటలకి వచ్చీవోరు అమ్మగారూ. ఊడుపులప్పుడు నడుము ఎత్తలేక పలక పట్టుకునే నిద్రోయీవోరు. మా అత్త అయితే కిరసనాయిలు ఎవలిత్తారే అని తిట్టీది. ఆవిడే ఆకర్న వచ్చి కూకుంది. తన పేరు రాసిన రోజు పలక సెరపనివ్వలేదు. మరసనాడు దాకా దాసింది!"

ఎన్నాళ్లు నడిచింది అని అడిగాను. ఏడాదిన్నరట. తర్వాత పుస్తకాలు రావడం ఆగిపోయింది, అడిగేవాళ్లూ ఆగిపోయారు. ఆవిడకి ఇద్దరు కూతుళ్లు. పెద్దది డిగ్రీ, చిన్నది నర్సింగు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు కొంచెం పెరిగింది.

"మా మండలి వాళ్లు మీకు శాలువా కప్పుదామనుకుంటున్నారమ్మా" అన్నాను, కాస్త మొహమాటంగానే.

"ఇత్తే ఒద్దంతానా? కానీ మార్చి నెల్లో శాలువా ఏటి సేసుకుంతాను, ఉడికిపోనా!" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. కాసేపాగి పిక్కల గిన్నె పక్కకి జరిపింది.

"ఒకటి సెయ్యండి అమ్మగారూ. అప్పుడు నేర్సుకున్నోళ్లు నలుగురే మిగిలారు ఊళ్లో. ఆళ్లకి ఇప్పుడు సంతకం వొత్తాదో నేదో నాకే తెల్దు. బేంకీకెళ్తే వేలిముద్రే ఎడతన్నారు. అడిగితే సిగ్గుపడిపోతన్నారు. నానెళ్లి అడిగితే మనసు కట్టపెట్టుకుంతారని నోరెత్తనేదు."

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లాం. ముగ్గురు దొరికారు. నాలుగో ఆవిడ కూతురి ఊరెళ్లింది. నా దగ్గరున్న కలం, డైరీ ఇచ్చాను. ఒకావిడ చకచకా రాసేసింది. రెండో ఆవిడ రెండక్షరాలు రాసి ఆగి, మూడోది గుర్తుచేసుకుని మరీ రాసింది. మూడో ఆవిడ కలం పట్టుకుని చాలాసేపు కాగితం వంక చూసింది. "పోనాది" అంది. వాలంటీరు ఏమీ అనలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది, మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టింది. వీధి దీపం వెలిగింది. నా బస్సు వేళైపోతోంది, అయినా లేవలేకపోయాను.

2011 లెక్కల్లో ఆడవాళ్ల అక్షరాస్యత విజయనగరం జిల్లాలో నూటికి సుమారు 50, శ్రీకాకుళంలో 52. ఆ లెక్కలో ఈ మూడో ఆవిడని ఏ వైపు రాసుకున్నారో!

తిరిగొచ్చి మండలిలో చెప్పాను. శాలువాకని పోగుచేసిన డబ్బుతో పలకలు, పెద్దక్షరాల వాచకాలు కొందామని కొందరు, శాలువా కూడా ఉండాల్సిందే అని కొందరు. విసనకర్ర పెద్దావిడ శాలువా వైపే ఉంది. "పలకలు ఆ నలుగురికి, శాలువా ఆ పిల్లకి. రెండూ కొనండి, తక్కువైతే నానేత్తాను" అంటోంది.