పిల్లల ముఖము ఉబ్బితే

కామాఠిపుర సందులలోను, తెలుగువారి చాల్‌లలోను ఒక్క గదిలో ఐదారుగురు సర్దుకొని కాపురముండుట మనకు క్రొత్త కాదు. ఒక బిడ్డకు గజ్జి వచ్చినచో ప్రక్కన పడుకొన్న బిడ్డకూ అంటును. గోకినచోట చీముపొక్కులు లేచును. "అదే మానిపోతుందిలే" అని ఊరుకొందుము, మానిపోవును కూడ. కాని మూడు మొదలు ఆరు వారములలో ఒకనాటి ఉదయము బిడ్డ ముఖము ఉబ్బి, మూత్రము టీ డికాక్షను రంగున వచ్చినచో, "వేడిచేసినది" అని సబ్జా నీళ్ళిచ్చి కూర్చుండరాదని మా మనవి.

ఆ పొక్కులకు తరచుగా కారణము స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి. క్రిములను ఎదిరించుటకు మన రక్తములో కాంప్లిమెంట్ అను కాపలాదండు కలదు. దీని గుట్టు తెలిపినవారిలో ముఖ్యుడైన బెల్జియము శాస్త్రజ్ఞుడు జూల్ బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. ఈ దండుకు పెద్ద సి3 అను మాంసకృత్తు. క్రిములకు అంటుకొని తెల్లకణములను పిలుచుట దాని పని.

ఒక్కొక్క మూత్రపిండములో రమారమి 10 లక్షల సన్నని జల్లెడలున్నవి. క్రిమి తునకలు, వాటికై ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకములు ఆ జల్లెడలలో చిక్కుకొనగా సి3 అచటికే చేరును. దాని పిలుపున వచ్చిన తెల్లకణములు జల్లెడనే గాయపరచును. కంచె చేను మేసినట్లగును. నెత్తురు మూత్రములోనికి జారును, ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి ముఖము ఉబ్బును, రక్తపుపోటు పెరుగును.

ఇట్లు ఖర్చగుటచే రక్తములో సి3 తగ్గును. వైద్యులు రక్తము తీసి చూచునది దీనినే. సాధారణముగా 6 లేక 8 వారములలో అది మరల పెరుగును. పిల్లలలో చాలమంది పూర్తిగా కోలుకొందురు. 12 వారములు దాటినను పెరుగనిచో జబ్బు వేరు కావచ్చును: ల్యూపస్, లేదా సి3 అదుపు తప్పుటచే వచ్చు మరియొక వ్యాధి. వానిని ఉపేక్షించిన మూత్రపిండములు చెడిపోవు ప్రమాదమున్నది. కనుక వాపు దిగినదని రెండవ పరీక్ష మానరాదు. ఆ గడువు ఊరి ప్రయాణములో పడినచో, కాగితములు వెంట తీసుకొనిపోయి అచటనైనను చేయింపవలెను.

మూత్రము తగ్గుట, తీవ్రమైన తలనొప్పి, ఆయాసము, ఫిట్స్ కనబడినచో ఆ గడియనే ఆసుపత్రికి చేర్చవలెను. ముంబయి సెంట్రల్ వద్ద నాయర్ ఆసుపత్రి, పరేల్‌లో కె.ఇ.ఎం. ఆసుపత్రి నగరపాలక సంస్థవే. వాపు ఉన్నన్నాళ్ళు ఉప్పు తగ్గింపవలెను. పచ్చడి, అప్పడములు పెట్టరాదు. ఇక గజ్జి మందందురా, ఒక్క బిడ్డకు రాసిన చాలదు. వైద్యుని సలహాతో ఇంటిల్లిపాదియు ఒకేనాడు రాసుకొనవలెను.