అంగడి నొసట అక్షరం

ఒక వూరి సంగతి తెలుసుకోవాలంటే ముందు దాని బజారు బోర్డులు చదవాలని నా నమ్మకం. ఆదోని యిందుకు మంచి తార్కాణం. పత్తి బేరానికి పేరుపడటంవల్ల యీ వూరిని ‘రెండో బొంబాయి’ అన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం యేర్పడినప్పుడు బళ్ళారి జిల్లానుంచి విడివడి యిటు వచ్చిన తాలూకాల్లో ఆదోని వొకటి. యెమ్మిగనూరు కూడా అప్పుడు ఆ తాలూకాలోదే. అందుచేత యిక్కడి బజారులో తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ, హిందీ కూడా చెల్లుతాయి. బోర్డు రాసేవాడికి ఆ లిపులన్నీ చేతిలో వుండవలసిందే.

రేకుమీద రాత

పాతకాలపు బోర్డంటే చెక్క చట్రం మీద బిగించిన రేకు. చూడటానికి సులువే గాని, పని చాలా వుంది. జింకుపూత వున్న కొత్త రేకు మీద ఆయిల్ పెయింటు నేరుగా వేస్తే నిలవదు. జింకూ, రంగులోని నూనే కలిసి సబ్బులాంటి పొర కడతాయి. కొన్నాళ్ళకు రంగు పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని రేకును కొన్ని నెలలు యెండావానల్లో వదిలేస్తారు, లేదా అందుకు తగిన ప్రైమరు ముందు పూస్తారు. మేకుల రంధ్రాలు రంగు వేయకముందే తొలవాలి. తరువాత తొలిస్తే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

రంగు ఆరాక సుద్దపొడి పట్టించిన దారాన్ని బిగలాగి విదిలిస్తే తిన్నటి గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలు కూర్చాలి. తడి రంగుకు చెయ్యి తగలకుండా, కొసన గుడ్డ చుట్టిన కర్రను ఎడమచేత పట్టి, దానిమీద కుడి మణికట్టు ఆనించి కుంచె నడుపుతారు.

తెలుగుకు చోటు కావాలి

ఆదోనిలో వొక పెద్ద పెయింటరు నాతో అన్నమాట యిది: ‘‘బోర్డు రాసేది అంగడాయన కోసరం కాదు సార్, తోవన పోయేటాయన కోసరం.’’

పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం వుంటే హాయిగా చదవవచ్చునని లెక్క. నలభై అడుగుల రోడ్డుకు అవతలివాడు చదవాలంటే నాలుగంగుళాలు కావాలి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు యీ లెక్క చాలు. తెలుగుకు చాలదు. ‘లక్ష్మీ’ అన్న వొక్క మాట చూడండి. పైన గుడిదీర్ఘం, కింద వొత్తుమీద వొత్తు. రెండడుగుల బోర్డులో అసలు అక్షరానికి దక్కేది వొక అడుగే. ఆ సంగతి తెలియనివాడు వొత్తును నలిపి మూలకు తోస్తాడు. కంప్యూటరులో వొక ఫాంటుతో కొట్టినదాన్ని మరో యంత్రంలో తెరిస్తే వొత్తులు విడిపోయి యెక్కడో పడటమూ మనం చూస్తున్నదే. పేరులో తప్పు పడితే అంగడాయన దాన్ని యేళ్ళతరబడి నెత్తిన మోయాలి.

ఫ్లెక్సీ వచ్చాక

2000 తరువాత ఫ్లెక్సీ వచ్చి కుంచెకు పని తగ్గించింది. ఫ్లెక్సీ అంటే పాలిస్టరు వల మీద పి.వి.సి. పూత. ఉదయం చెబితే సాయంత్రానికి సిద్ధం, ధర తక్కువ. కాని యిక్కడి యెండ దానికి శత్రువు. ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోతాయి, నీలం మిగులుతుంది. పాత ఫ్లెక్సీల మీది ముఖాలన్నీ నీలంగా కనిపించటానికి కారణం యిదే. చెత్తలో వేసి కాలిస్తే వచ్చే పొగలో ఆమ్లవాయువు వుంటుంది.

2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించి, గుడ్డ బ్యానర్లు వాడమన్నది. ఫ్లెక్సీ యంత్రాలు కొన్నవారు గోలపెట్టారు. వారిదీ పొట్టకూటి బాధే. నాకు మాత్రం యెమ్మిగనూరు గుర్తుకు వచ్చింది. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన వూరు అది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నేసే చేతులున్న వూళ్ళో గుడ్డ బ్యానరు వింత కాకూడదు.

గాలికి నిలవాలి

యిప్పుడు పెద్ద అంగళ్ళు అల్యూమినియం మిశ్రమ పలక, దానిమీద యాక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్.ఇ.డి. దీపాలు పెట్టిస్తున్నాయి. ఆ దీపాలకు మామూలుగా 12 వోల్టులే గాని, వాటికి కరెంటు యిచ్చే పెట్టెకు వచ్చేది 230 వోల్టులు. దానికి వాన తగలకూడదు. ఇనుప చట్రానికి ఎర్తింగు వుండాలి. విద్యుత్తు తీగలకు దగ్గరగా బోర్డు యెత్తటం ప్రాణాలతో చెలగాటం.

పది అడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు వున్న బోర్డుమీద గంటకు 100 కిలోమీటర్ల గాలి కొడితే, దాదాపు 175 కిలోల తోపు పడుతుంది. ఆషాఢపు గాలులకూ, వేసవి గాలివానలకూ మేకులు చాలవు. సున్నపు పూత మీద కాక, గట్టి రాతిలోనో, ఇటుకలోనో దిగే యాంకరు బోల్టులు కావాలి. ఏటా వానలకు ముందు వొకసారి నిచ్చెన వేసి వాటిని బిగించి చూసుకోవాలి. కింద నడిచేవారు మన పిల్లలే.

కుంచె పట్టేవారు యిక అక్కరలేదా? నాకలా తోచదు. అక్షరాన్ని చేత్తో గీయించి, ఆ గీతను కంప్యూటరుకు ఎక్కించి, పలకను యంత్రంచేత కోయించవచ్చు. అప్పుడు వొత్తు వుండవలసినచోట వుంటుంది. పని తొందరగా ముగుస్తుంది. గీసినవాడికి నాలుగు డబ్బులు ముడతాయి. కొత్త అంగడి తెరవబోయే వారు బేరం కుదుర్చుకునే ముందు, ‘గీసేది యెవరు?’ అని వొక్కమాట అడగండి.