గగనసీమలో సమానత్వం

నల్లమల కొండల నడుమ, కృష్ణానది లోయ అంచున ఉన్న సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టుతో పెరిగిన ఊరు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టను కట్టడానికి వచ్చిన వారి ఇండ్లతోనే ఆ కాలనీ ఏర్పడింది. అక్కడి బడిలో చదువుకొనే బాలికకు విమానమంటే కొండల మీదుగా సాగిపోయే ఒక వెండిచుక్క. అందులో కొలువు చేసే స్త్రీ ఎంత అదృష్టవంతురాలో అని ఆమె అనుకోవడంలో వింత లేదు. కాని ఆ స్త్రీ తన కొలువు నిలుపుకొనడానికి న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చిందన్న సంగతి చాలమందికి తెలియదు.

ఈ వృత్తి 1930లో అమెరికాలో ఆరంభమైంది. ఎలెన్ చర్చ్ అనే నర్సు తొలి విమాన పరిచారిక. ఆనాడు అవివాహితలైన నర్సులనే చేర్చుకొన్నారు. పెండ్లి అయితే కొలువు పోవుననే నియమం అక్కడి సంస్థలలో దశాబ్దాల తరబడి నిలిచింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో లింగవివక్షను నిషేధించిన తరువాతనే పరిచారికలు దానిని గట్టిగా ఎదిరించగలిగారు. పెండ్లి అయిన పురుషునికి లేని శిక్ష స్త్రీకి ఏల అన్నదే వారి ప్రశ్న. 1971లో ఒక అప్పీలు కోర్టు ఆ ప్రశ్నలోని న్యాయాన్ని అంగీకరించింది.

బెల్జియంలో గాబ్రియెల్ డెఫ్రెన్ పోరాటం మరొక ఘట్టం. సబేనా సంస్థ పరిచారికలను నలభయ్యో ఏట సాగనంపేది. తోటి పురుషులకు ఆ గడువు లేదు, జీతమూ అధికమే. సమాన వేతన సూత్రాన్ని జాతీయ న్యాయస్థానాలు నేరుగా అమలు చేయవలసినదేనని 1976లో ఐరోపా న్యాయస్థానం ఆమె వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. వయోపరిమితి వాదంలో మాత్రం 1978లో ఆమెకు విజయం లభించలేదు. న్యాయం ఒక్కొక్క మెట్టుగానే వస్తుంది.

మన దేశంలో పరిస్థితి వేరుగా లేదు. రాజమహేంద్రవరపు బిడ్డ దుర్గాబాయమ్మ సభ్యురాలుగా ఉన్న రాజ్యాంగ సభ 14, 15, 16 అధికరణాలలో స్త్రీపురుషులకు సమానత్వాన్ని ప్రసాదించింది. అయినను ఎయిర్ ఇండియా నిబంధనలలో పరిచారికకు మూడు ముళ్లు ఉండేవి: ముప్పదియైదేండ్లు నిండినా, చేరిన నాలుగేండ్లలోపల పెండ్లాడినా, తొలిసారి గర్భవతి అయినా, వీటిలో ఏది ముందు వస్తే దానితోనే కొలువు ముగిసేది. పైగడువు పొడిగింపు మేనేజింగ్ డైరెక్టరు దయపై ఆధారపడేది. అదే విమానంలో పనిచేసే పురుషులకు విరమణ వయస్సు 58 ఏండ్లు.

నర్గేష్ మీర్జా, ఆమె సహచరులు దీనిని సవాలు చేశారు. బొంబాయి హైకోర్టులోని వ్యాజ్యం సుప్రీంకోర్టుకు బదిలీ అయి, 1981 ఆగస్టు 28న తీర్పు వెలువడింది. గర్భం ధరించినందుకు ఉద్యోగం తొలగించడం నాగరిక సమాజం సహించరానిదని న్యాయమూర్తి ఫజల్ అలీ తీర్పులో ఘాటుగా నిరసించారు. అధికారి విచ్చలవిడి విచక్షణను కూడ కొట్టివేశారు. కాని నాలుగేండ్ల వివాహ నిషేధం అలాగే నిలిచింది. పరిచారికల నియామకం, పదోన్నతి వేరైనందున వారు పురుషులతో పోల్చదగని వేరే తరగతి అని కోర్టు తలచింది. పరిపక్వవయస్సులో పెండ్లాడడం కుటుంబ నియంత్రణకు మేలన్న వాదనను కూడ అంగీకరించింది.

ఇక్కడ ఉపాధ్యాయుడు తన విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవచ్చును. నియామకపు పద్ధతిని సంస్థయే వేరుగా ఏర్పరచినప్పుడు, ఆ వేరుతనమే వివక్షకు సమర్థన కాగలదా? 1976 నాటి సమాన వేతన చట్టం ఆనకట్టపై రాళ్లు మోసే కూలీకి, ఆకాశాన అన్నం వడ్డించే పరిచారికకు ఒక్కటిగానే వర్తించేది. అయినను ఆ వేతన భేదాలు లింగభేదం వలన కలిగినవి కావని కేంద్రప్రభుత్వం 1979లో ఒక ప్రకటన చేసింది. దానిని కూడ కోర్టు తన వాదానికి ఊతగా గ్రహించింది.

పోరాటం అంతటితో ఆగలేదు. క్రమేణ పరిచారికల ఉద్యోగకాలాన్ని 58 ఏండ్ల వరకు పెంచారు. కాని ఏబదియేండ్ల తరువాత ఎగురరాదు, నేలపై పని చేయవలెనన్నారు. ఇది వివక్షయేనని బొంబాయి హైకోర్టు అన్నది. 2003లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. ఇంకొక అడ్డుగోడ మిగిలింది: విమానంలో పర్యవేక్షకుని పదవి పురుషులకే. 2005లో సంస్థ ఆ పదవిని స్త్రీలకూ తెరువగా కొందరు పురుషోద్యోగులు కోర్టుకెక్కారు. ఢిల్లీ హైకోర్టు 2007లో, సుప్రీంకోర్టు 2011లో వారి వాదాన్ని తిరస్కరించాయి.

తెలుగునాటి సర్కారు కొలువులలోను ఇదే చర్చ నడిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో స్త్రీలకు 30 శాతం ఉద్యోగాలను ప్రత్యేకించగా, 1995లో విజయకుమార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది.

రాజ్యాంగంలో ఒక్క వాక్యమైన సమానత్వం, గగనసీమకు చేరడానికి అర్ధశతాబ్దం మించి పట్టింది. రేపు సున్నిపెంట బడిలో పౌరశాస్త్రపు పాఠం చెప్పేటప్పుడు అధికరణాల సంఖ్యలతో పాటు, వాటిని బ్రతికించిన స్త్రీల కథ కూడ చెప్పితే బాగుండును. కిటికీలోనుండి వెండిచుక్కను చూచే బాలిక అప్పుడు కలతో పాటు, ఆ కలకు గల హక్కును కూడ తెలుసుకొనును.