బరువు ఎక్కడ ఉండాలి?

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింది తాడు బిగుసుకుంటుంది. అన్నీ ముందుకు వేస్తే బరువంతా వాటి మెడమీద పడుతుంది. మా నాన్నగారు చివరి రెండు బస్తాలను ఎప్పుడూ చేత్తో కాడి ఎత్తి చూసిన తరువాతే సర్దేవారు. అదే లెక్క గాలిలో ఎగిరే వస్తువుకూ ఉందని యాభై ఏళ్ళు దాటిన తరువాత గాని నాకు తెలియలేదు. అదీ నా కుమారుని కష్టాన్ని పాడుచేసి తెలుసుకున్నాను.

మా చిన్నవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. క్రిస్మస్ సెలవులకు వస్తూ రేడియోతో నడిపే చిన్న విమానం ఒకటి తెచ్చాడు. ఫోము రేకులు కోసి, మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని సొంతంగా చేసుకున్నది. రెక్క పొడవు ఈ కొస నుండి ఆ కొసకు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 900 గ్రాములు. బస్సులో వస్తుండగా తోక దగ్గర విరిగింది. వాడు మందిరం అలంకరించడానికి వెళ్ళిన సమయంలో నేనే సాయం చేద్దామని రెండు వెదురు బద్దలు చెక్కి, విరిగినచోట ఇరువైపులా పెట్టి, గుడ్డ చుట్టి, దండిగా జిగురు పూశాను. వాడు వచ్చి చూసి, "ఎందుకు నాన్నగారూ ఇంత?" అన్నాడు. "గట్టిగా ఉంటుందిలేరా" అన్నాను. తండ్రిని నొప్పించడం ఎందుకనుకున్నాడేమో, మరి మాట్లాడలేదు.

పండుగ మరునాడు కోతలైన పొలంలోకి తీసుకువెళ్ళాం. వాడు రిమోటు పట్టుకున్నాడు, నేను విమానాన్ని చేత్తో ముందుకు విసిరాను. విసరగానే ముక్కు పైకెత్తింది. వాడు దించబోతే మరీ కిందికి వంగింది. మళ్ళీ లేచింది. తాటిచెట్టు ఎత్తుకు పోయి, గాలిలో ఆగినట్టయి, ఒక పక్కకు ఒరిగి నేలను కొట్టుకుంది. సండేస్కూలు పిల్లలందరూ చూస్తున్నారు. వాడు ఏమీ అనకుండా ముక్కలు ఏరుకున్నాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నా నోట మాట పెగలలేదు. ప్రార్థన ముగిశాక, "తప్పు నాదేరా" అన్నాను. "అతుక్కునేవేలెండి నాన్నగారూ. ఇలా రండి, చూపిస్తాను" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మామూలు తిన్నని రెక్క గల విమానానికి బరువు నిలిచే చోటు రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలట. మా 20 సెంటీమీటర్ల రెక్కకు ముందు అంచు నుండి 5 మొదలు ఆరున్నర సెంటీమీటర్ల లోపు అన్నమాట. కొత్తగా ఎగరేసేవారు ముందువైపు కొలతతోనే మొదలుపెట్టడం క్షేమం. రెక్క అడుగున రెండు పక్కలా సమాన దూరంలో పెన్సిలు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మీద చూపుడు వేళ్ళు ఆనించి పైకి ఎత్తాలి. ఎగిరేటప్పుడు ఉండేవన్నీ అప్పుడు విమానంలో ఉండాలి, బ్యాటరీతో సహా. ఫ్యాను ఆపేయాలి. ముక్కు కొంచెం కిందికి వంగి నిలిస్తే మంచిది. తోక దిగితే ఆ రోజుకు ఎగరేసే మాటే వద్దు.

రెక్క విమానం పైభాగాన ఉంటే ఇలా. అడుగున ఉంటే విమానాన్ని తలకిందులు చేసి పట్టుకోవాలి. నూనెతో నడిచే ఇంజను అయితే టాంకు ఖాళీగా ఉంచి చూడాలి. టాంకు ముందు భాగంలో ఉంటుంది గనుక నూనె తరిగేకొద్దీ తోక బరువెక్కుతుంది.

ముక్కు బరువైన విమానం మొద్దుగా పోతుంది, త్వరగా దిగిపోవాలని చూస్తుంది, అయినా చెప్పినమాట వింటుంది. తోక బరువైనది వేలు కదిపితే చాలు ఎగిరిపడుతుంది. దానంతట అది సర్దుకునే గుణం పోతుంది. మా పొలంలో జరిగింది అదే.

నేను కట్టిన బద్దలు, గుడ్డ, జిగురు పెచ్చులు విప్పి కొట్టులోని కాటా మీద పెడితే 40 గ్రాములు తూగాయి. ఇంతేనా అనుకున్నాను. అయితే తోక తూకపు గుర్తుకు 60 సెంటీమీటర్ల వెనుక ఉంది, ముక్కు 20 సెంటీమీటర్లే ముందుంది. అంటే తోకలో వేసిన ఒక్కొక్క గ్రాముకు ముక్కులో మూడు గ్రాములు వేయాలి. నా 40 గ్రాములకు 120 గ్రాముల సీసం! అంత బరువు మోయడానికా వాడు రేకులు పలచగా కోసింది?

ఇది ఆటవస్తువుల సంగతే అనుకోకండి. మిషనరీ విమానాలను గురించి మన సంఘాలలో వింటూనే ఉంటాం. 1946 ఫిబ్రవరిలో బెట్టీ గ్రీన్ అనే సహోదరి బైబిలు అనువాద సేవకు వెళ్ళే ఇద్దరు స్త్రీలను మెక్సికోకు తీసుకువెళ్ళడంతో ఆరంభమైన ఆ సేవ నేడు మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ పేరుతో అనేక దేశాలలో జరుగుతోంది. పాపువా న్యూగినీ కొండలలో వారు 1951 నుండి ఉన్నారు. అక్కడి చిన్న విమానం ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి మూటనూ ముందు కాటా మీద తూస్తారు. పాస్టరుగారైనా సరే, నిండు గర్భిణియైనా సరే. ఎవరు ఏ సీటులో కూర్చోవాలో, ఏ మూట ఎక్కడ పెట్టాలో పైలట్ ఆ లెక్క చూసుకుని చెబుతాడు. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, అది వెనక్కి పోతే విమానం అదుపు తప్పుతుంది. అక్కడ కింద పడేవి ఫోము ముక్కలు కావు.

మా వాడు ఈసారి సన్నని పుల్ల ఒకటి, చాలినంత జిగురు మాత్రమే వాడాడు. అన్నీ కలిపి 10 గ్రాములు. సీసం వేయలేదు. 180 గ్రాముల బ్యాటరీనే మూడు సెంటీమీటర్ల పైచిలుకు ముందుకు జరిపాడు, లెక్క సరిపోయింది. ముందు ఉన్న బరువును జరిపి చూసి, చాలకపోతేనే కొత్త బరువు వేయాలట.

మూడో రోజు ఉదయం గాలి లేవకముందే వెళ్ళాం. రిమోటు తీసుకుంటూ, "మీరే చూడండి నాన్నగారూ" అన్నాడు. పెన్సిలు గుర్తుల కింద వేళ్ళు పెట్టి ఎత్తాను. ముక్కు రవ్వంత వంగి నిలిచింది. విసిరాను. పొలంమీద తిన్నగా పోయి, మెల్లగా పైకి లేచి, చెరువు గట్టు మీదుగా తిరిగి మావైపు వచ్చింది.