ఫుట్ వాల్వూ – ఫుట్‌బాలూ

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

"మీ జట్టు గెలిచిందా?" అని యెవరైనా అడిగితే గెలిచిందనో ఓడిందనో ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. "మీ జట్టు పైకి పోయిందా?" అని అడిగితే మాత్రం నాకు పావుగంట పడుతుంది. ఆ పావుగంట మాటలే యీ వ్యాసం. క్రికెట్ మీద రాయరాదూ, నలుగురూ చదువుతారు అని సంచిక కమిటీలోని మిత్రుడు హితవు చెప్పాడు. నలుగురికీ తెలిసింది మళ్ళీ చెప్పడానికి నేనెందుకు? అధ్యాపకులూ, పూర్వవిద్యార్థులూ, తోటి మిత్రులూ ఒక్క పావుగంట ఓపిక పట్టాలని మనవి.

నేను అభిమానించే జట్టు పేరు శ్రీనిధి డెక్కన్. 2015లో పుట్టింది. విశాఖపట్నం పేరు మీద ఐ-లీగులో చోటు సంపాదించి, హైదరాబాదు శివార్లలోని డెక్కన్ అరీనా మైదానాన్ని సొంతిల్లు చేసుకుని, 2021–22లో మొదటిసారి ఆ లీగులో ఆడింది. నాది పుంగనూరు దగ్గర పల్లెటూరు. మాకు బెంగుళూరు మూడు నాలుగు గంటల దూరం, హైదరాబాదుకు పోవాలంటే ఒక రాత్రంతా బస్సులో కూర్చోవాలి. కాబట్టి న్యాయంగా నేను బెంగుళూరు జట్టు మనిషిని కావలసింది. కాలేదు. దానికి కారణం కుప్పంలో వున్న మా బావ.

2023 ఏప్రిల్‌లో, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, కుప్పం పోయినాను. బావకు బెంగుళూరు ఎఫ్.సి. అంటే ప్రాణం. రైలెక్కి కంఠీరవ స్టేడియానికి పోయి మ్యాచి చూసి, రాత్రికి తిరిగొచ్చే రకం. అప్పుడు కోళికోడులో సూపర్ కప్పు జరుగుతోంది. పై లీగు జట్లూ కింది లీగు జట్లూ కలిసి ఆడే పోటీ అది. బెంగుళూరు జట్టును యేదో ఊరూ పేరూ లేని జట్టు 1–1తో ఆపేసిందని బావ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ ఊరూ పేరూ లేని జట్టు మనదేనని నాకప్పుడే తెలిసింది! ఏప్రిల్ 12న అదే జట్టు కేరళ బ్లాస్టర్స్‌తో, కేరళ గడ్డ మీద, పసుపు చొక్కాల జనం మధ్య ఆడి 2–0తో గెలిచింది. బావ ఫోను నా చేతికిచ్చి, "తీసుకో బామ్మర్దీ, నీకొక జట్టు దొరికింది. యింక నన్ను కంఠీరవకు పిల్చకపోయి చూపించమని పీక్కుతినొద్దు" అన్నాడు. అక్కడ గ్రూపు దాటి సెమీఫైనల్ చేరింది బావగారి బెంగుళూరే ననుకోండి. అయినా నాకు జట్టు దొరికిన మాట నిజం.

ఇక అసలు విషయం. బ్లాస్టర్స్‌ను ఓడించిన జట్టు, బ్లాస్టర్స్ ఆడే లీగులో యెందుకు లేదు?

ఇంగ్లండులో "నాన్‌లీగ్" అనే మాట వుంది. అక్కడ 1888లో పన్నెండు జట్లతో ఫుట్‌బాల్ లీగు మొదలైంది. ఇప్పుడు ప్రీమియర్ లీగూ, దాని కింది మూడు అంతస్తులూ కలిపి 92 జట్లు. వీటికి బయట వున్న పల్లె జట్లు, పేట జట్లు అన్నీ నాన్‌లీగే. ఒకప్పుడు ఆ గడప దాటాలంటే లోపలివాళ్ళు ఓట్లు వేసి రానివ్వాలి. లోపలివాళ్ళు సాటి సభ్యుణ్ణి బయటికి తోసి కొత్తవాణ్ణి రానిస్తారా? ఎప్పుడో గాని జరిగేది కాదు. 1987లో ఆ పద్ధతి మారింది. బయట మొదటి స్థానం వచ్చిన జట్టు నేరుగా లోపలికి, లోపల అట్టడుగున నిలిచిన జట్టు నేరుగా బయటికి. అట్లా మొదట యెక్కింది స్కార్‌బరో, మొదట దిగింది లింకన్ సిటీ. లూటన్ టౌన్ అనే జట్టు 2009లో నాన్‌లీగుకు పడిపోయి, అయిదేళ్ళు అక్కడే వుండి, 2014లో తిరిగి లోపలికి వచ్చి, మెట్టు మెట్టూ యెక్కి 2023లో ప్రీమియర్ లీగు చేరింది. మరుసటి యేడే మళ్ళీ దిగింది. దిగినందుకు యెవరూ నిచ్చెనను తప్పు పట్టలేదు. మా మదనపల్లె టమోటా మండీలో నిరుడు మీ కాయ మొదటి రకం పలికింది గదా అని యీనాడు మెత్తకాయ పెట్టె తెస్తే మొదటి రకం ధర కడతారా? యే రోజు కాయకు ఆ రోజు పాట.

మన దేశంలో 2007లో మొదలైన ఐ-లీగే ఒకప్పుడు పై మెట్టు. 2014లో ఇండియన్ సూపర్ లీగు యెనిమిది జట్లతో వచ్చింది. అందులో చేరిన జట్ల యజమానులు యేటా రుసుము కట్టేవాళ్ళు. ఇంత డబ్బు కట్టినవాణ్ణి ఒక యేడు సరిగా ఆడలేదని కిందికి తోసేస్తే యెట్లా అనేది వాళ్ళ వాదన. పెట్టుబడి పెట్టేవాడి భయం వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన నాకు తెలియనిది కాదు. కాని పంటకు యెవడూ పూచీ పడడు గదా అని కూడా అనిపిస్తుంది. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక దారి గీసింది. 2022–23 నుంచి ఐ-లీగు విజేత రుసుము లేకుండా పై లీగుకు పోవచ్చు. 2024–25కల్లా యెక్కడమూ దిగడమూ రెండూ రావాలని సిఫారసు కూడా చేసింది. యెక్కడం వచ్చింది. ఆ గడువుకు దిగడం రాలేదు.

అంతకుముందు విజేతల గతి యేమిటంటారా? కేరళకు చెందిన గోకులం జట్టు 2021లో, 2022లో వరుసగా ఐ-లీగు గెలిచి కూడా వున్నచోటనే వుండిపోయింది.

ఇదంతా మా నాయనకు చెప్పడానికి నానా తంటాలు పడినాను. ఆయన మా పాత బావి దగ్గర పైపు పైకి లాగి ఫుట్ వాల్వు కడుగుతున్నారు. వ్యవసాయం తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను: మోటారు పైపు కొసన, నీళ్ళ అడుగున వుండే చిన్న పరికరం అది. లోపల ఒక రేకు మూత. మోటారు లాగితే మూత పైకి లేచి నీళ్ళను రానిస్తుంది. మోటారు ఆగితే పైనున్న నీటి బరువుకు అదే మూత మూసుకుంటుంది. పైకి పోయిన నీళ్ళు కిందికి రావు. భౌతికశాస్త్రంలో దీన్ని ఏకముఖ కవాటం అంటాము. "అదే నాయనా మా లీగు" అన్నాను. ఆయన వాల్వులోని నాచు గీకుతూ, "పైకి పొయ్యేటివే గాని దిగేటివి లేకుంటే తొట్టి నిండిపోదారా? నిండినాక యేం చేస్తారు?" అని అడిగారు.

నిజంగా లెక్క చూడండి. పై లీగులో 2022–23లో 11 జట్లు. పంజాబు యెక్కింది, 12 అయినాయి. మరుసటి యేడు మహమ్మడన్ యెక్కింది, 13 అయినాయి. నాయన ప్రశ్నకు జవాబు నాకింతవరకు యెక్కడా దొరకలేదు.

పంజాబు యెక్కిన ఆ 2022–23లో రెండో స్థానం యెవరిదనుకున్నారు? శ్రీనిధిదే. కాబట్టి 2023–24 మీద మేము పెట్టుకున్న ఆశ యింతా అంతా కాదు. (మేము అంటే నేనూ, మా తరగతిలో నేను బలవంతంగా చేర్చుకున్న మరో ఇద్దరూ.) పదమూడు జట్లు, ఒక్కొక్కరికి 24 మ్యాచిలు, అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకా. శ్రీనగర్, ఐజ్వాల్, షిల్లాంగ్, గోవా, కోళికోడు... మా తరగతిలో భారతదేశ పటం నాకంటె బాగా యెవరికీ రాదని భూగోళం చదవకుండానే పేరు తెచ్చుకున్నాను. శిక్షకుడు పోర్చుగల్ మనిషి కార్లోస్ వాజ్ పింటో. ముందువరసలో కొలంబియా నుంచి వచ్చిన డేవిడ్ కస్టాన్యెడా. అతను గోలు దగ్గర బంతిని వెంటనే కొట్టడు. మెడ మీద కూర్చున్న రక్షకుణ్ణి ఒక్క అడుగు తప్పించి అప్పుడు కొడతాడు. ఆ ఒక్క అడుగు కోసం నేను ఫోనులో యెన్ని జీబీలు తగలేశానో మా అమ్మకు తెలియకపోవడమే మంచిది.

అదే యేడు, అదే నగరంలో, పై లీగు జట్టు హైదరాబాద్ ఎఫ్.సి. కూడా వుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి కప్పు తెచ్చిన జట్టు. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్ళు తిరక్కముందే ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, పేరున్న మనవాళ్ళూ ఒకరి వెంట ఒకరు వెళ్ళారు. మిగిలిన కుర్రవాళ్ళు 22 మ్యాచిలు ఆడి ఒక్కటి గెలిచారు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. వాళ్ళను ఎగతాళి చేయడానికి రాయడం లేదు. జీతాల సంగతి తేలని స్థితిలో కూడా ఆ పిల్లలు ప్రతి మ్యాచికీ పదకొండుమంది దిగారు.

2024 జనవరిలో భువనేశ్వర్‌లో మళ్ళీ సూపర్ కప్పు. చీటీలు తీస్తే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, హైదరాబాద్, శ్రీనిధి ఒకే గ్రూపులో పడ్డాయి. మోహన్ బగాన్ చేతిలో 2–1. భోగి నాడు ఈస్ట్ బెంగాల్ చేతిలో 2–1. రెండూ ఓటములే గాని, కలకత్తా పెద్దల్ని చివరిదాకా చెమటలు పట్టించి ఓడిపోవడం వేరు. జనవరి 19న రెండు హైదరాబాదు జట్లూ యెదురుబొదురు నిలిచాయి. కింది లీగు జట్టు గెలిచింది. గ్రూపు పట్టికలో శ్రీనిధికి మూడు పాయింట్లు, హైదరాబాద్‌కు సున్నా. ఆ మరునాడు కూడా పై జట్టు పైనే వుంది, కింది జట్టు కిందనే వుంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. మా అధ్యాపకులలో పెద్దవారు కొందరు "హైదరాబాదు ఫుట్‌బాలంటే పోలీసు టీమే నయ్యా" అంటుంటారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం స్వతహాగా బడిపంతులు. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. మరుసటి యేడు జూన్‌లో ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు. సికిందరాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడినవాడు, 2023 ఫిబ్రవరిలో పోయాడు. నేను గమనించినదేమంటే, ఆ రోజుల్లో దేశమంతటికీ లీగు అనేదే లేదు, అది 1996లో గాని రాలేదు. అన్నీ కప్పులే. పోలీసు జట్టు రైలెక్కి బొంబాయి పోయి యెవరినైనా ఓడించి కప్పు తెచ్చుకోవచ్చు. నువ్వే మెట్టు మీద వున్నావని అడిగేవాడు లేడు.

సరే, ఐ-లీగుకు వద్దాం. 2023–24లో పై లీగులో లేని దిగడం, విచిత్రంగా, ఐ-లీగులో వుండింది! ఆ యేడు చివరి రెండు స్థానాల్లో నిలిచి కిందికి పడినవి ఇంఫాల్‌కు చెందిన నెరోకా, ట్రావు. మణిపూర్ అల్లర్ల వల్ల సొంత వూళ్ళో ఆడలేక పరాయి మైదానాలను ఇల్లనుకుని ఆడిన జట్లు అవి. వాటికి మాత్రం నియమం నియమమే అయింది. నా జట్టు సంగతి కంటె యిదే నాకు యెక్కువ మింగుడుపడలేదు.

మార్చిలో ఇంటర్ పరీక్షలు. రసాయనశాస్త్రం ముందురోజు పాయింట్ల పట్టిక చూడనని ఒట్టుపెట్టుకుని, చూశాను. 1891 నుంచి వున్న కలకత్తా మహమ్మడన్ ముందుంది, మనం వెనకే వున్నాం. యెక్కేది ఒక్కరే.

డిగ్రీలో చేరిన తర్వాత ఒక్కసారి, రాత్రి బస్సెక్కి డెక్కన్ అరీనా పోయి మ్యాచి చూసి వచ్చినాను. చిన్న మైదానం. ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే కేకలు కూడా వినబడతాయి. ఫోనులో యివేవీ వినిపించవు. పక్కన కూర్చున్నాయన యెక్కడినుంచి వచ్చావు బాబూ అంటే పుంగనూరు అన్నాను. "పొట్టి ఆవులుంటాయే, ఆ పుంగనూరా?" అన్నారు. అదేనండీ అన్నాను.

హైదరాబాద్ ఎఫ్.సి. కథ ముగిసిన తీరు కూడా చెప్పాలి. అది కిందికి దిగలేదు. 2025 అక్టోబరులో ఊరు మారి, పేరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ యేడు లీగు నిర్వహణ ఒప్పందం తేలక పై లీగు కూడా మొదలుకావలసిన వేళకు మొదలుకాలేదు. "తొట్టి సంగతి చెప్తివి, మోటారే ఆగిపోయిందంటివి" అన్నారు నాయన.

2024 ఏప్రిల్ 6. చేలో రాత్రి కరెంటుకు నీళ్ళు కట్టే వంతు మాది. షిల్లాంగ్‌లో మహమ్మడన్ 2–1తో గెలిచింది. 52 పాయింట్లు, ఇక అందుకునేవాడు లేడు. వరుసగా రెండో యేడు మాది రెండో మాటే. నేను ఫోను చూసి మడవ మార్చడం మరచిపోతే నీళ్ళు పక్క కయ్యలోకి పోయినాయి. నాయన యేమీ అనలేదు, తానే పార తీసుకుని మడవ కట్టి వచ్చారు.

తర్వాత శ్రీనిధి మ్యాచి రోజున నేను మంచం మీద కూర్చుని మళ్ళీ ఫోను తెరిచినాను.

"అయిపాయె గదరా, యింకా యేం చూస్తావు?"

"ఆట మిగిలుంది నాయనా."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని కాసేపు నిలబడి చూశారు. "మనోళ్ళు యే రంగు చొక్కా?" అని అడిగి, "కొంచెం జరుగు" అన్నారు.